కుందేలు ఓపిక, పిగిలిపిట్ట గోల

పశువైద్యుడిగా ముప్ఫై మూడేళ్ళు పనిచేశాను. అందులో ఎక్కువ భాగం గేదెల వెనకే గడిచింది. ఇది అలంకారం కాదు. భుజం దాకా చెయ్యి లోపల పెట్టి, ముఖం తోక వైపు ఉంచి నిలబడాల్సిన ఉద్యోగం ఇది. కొత్తగా చేరుతున్న డాక్టర్లు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "సార్, మీ సర్వీసులో బాగా గుర్తున్న కేసులు చెప్పండి" అంటారు. గాలికుంటు గురించో, గొంతువాపు గురించో చెబుతానని వాళ్ళ ఆశ. వాటికి పుస్తకాలున్నాయి, టీకాలున్నాయి. నాకు బాగా గుర్తున్నవి మాత్రం రెండు చిన్న జీవాలు. ఒకటి అడవి కుందేలు, మా వైపు చెవులపిల్లి అంటారు. రెండోది పిగిలిపిట్ట, బెజవాడలో బుల్‌బుల్ అంటేనే గుర్తుపడతారు. నెత్తిన నల్లటి జుట్టు, తోక కింద ఎర్రటి మచ్చ, పొద్దున్నే కరెంటు తీగ మీద కూర్చుని పాడేది అదే.

ఈ రెండింటినీ మన ఆసుపత్రికి తీసుకురమ్మని ఎవరూ చెప్పరు. అయినా తెస్తారు. తెచ్చేవాళ్ళంతా మంచివాళ్ళే. ఇబ్బంది అక్కడే మొదలవుతుంది.

పన్నెండు సార్లు

నా మొదటి పోస్టింగు చల్లపల్లి దగ్గర ఒక ఊళ్ళో. ఒక గది, ఒక బీరువా, గేదెను నిలబెట్టి కట్టే ఇనప చట్రం, నాంచారయ్య అనే అటెండరు. ఈ నాలుగింటిలో పనిచేసేది నాంచారయ్య ఒక్కడే. చేరిన రెండో నెలలో ఒక రైతు తువ్వాల్లో చుట్టి కుందేలు పిల్లను తెచ్చాడు.

"చెరుకు కొడుతుంటే కనపడిందండీ. తల్లి వదిలేసి పోయింది. చుట్టుపక్కలంతా వెతికాం, ఎక్కడా లేదు."

నా అరచేతిలో పట్టేంత ఉంది. ఒంటినిండా బొచ్చు, కళ్ళు తెరిచే ఉన్నాయి. అరవలేదు, గింజుకోలేదు. పాపం, భయంతో బిగుసుకుపోయిందనుకున్నాను. అట్టపెట్టెలో దూది పరిచాను. పైన బల్బు వేలాడదీశాను. ఇంకు ఫిల్లరు కడిగి, ఆవుపాలు గోరువెచ్చగా చేసి, పగలంతా గంటకోసారి పట్టాను. మొదటిరోజు అది బుద్ధిగా తాగింది. నాంచారయ్య చూసి, "మీరు డాక్టరే కాదండీ, తల్లి కూడా" అన్నాడు. ఆ మాట నాకు బాగా ఎక్కింది.

రెండో రోజుకి దాని పొట్ట డప్పులా బిగిసింది. మూడో రోజు పొద్దున చనిపోయి ఉంది. రిజిస్టరులో 'తల్లి లేక నీరసించి మరణం' అని అందంగా రాశాను.

ఆ వారమే మా అసిస్టెంట్ డైరెక్టరు గారు తనిఖీకి వచ్చారు. ఏడీ గారని పిలిచేవాళ్ళం. తెల్లచొక్కా, తక్కువ మాటలు. గొంతు పెంచి తిట్టడం ఆయనకు చేతకాదు. ఆ లోటు వేరే రకంగా పూడ్చేవారు. రిజిస్టరులో ఆ వాక్యం దగ్గర వేలు పెట్టి ఆగారు.

"పాలు రోజుకి ఎన్నిసార్లు పట్టావయ్యా?"

"పన్నెండు సార్లండీ."

"దాని తల్లి ఎన్నిసార్లు పడుతుంది?"

"తెలియదండీ."

"అది తెలియనివాడివి, పన్నెండని ఎలా తెలిసింది?"

నాంచారయ్య టీ తెస్తానని బయటికి వెళ్ళాడు. టీ అప్పటికే బల్ల మీద ఉంది.

అప్పుడు ఏడీ గారు చెప్పారు. కాలేజీలో మనం చదివింది బోనుల్లో పెంచే తెల్ల కుందేలు గురించి. దాని పిల్లలు బొరియలో పుడతాయి, బొచ్చుండదు, కళ్ళు తెరవవు. చేలో తిరిగే చెవులపిల్లికి బొరియ లేదు. దాని పిల్ల నేల మీదే, బొచ్చుతో, తెరిచిన కళ్ళతో పుడుతుంది. గడ్డిలో గుంట చూసుకుని కూర్చుంటుంది. తల్లి దగ్గర ఉండదు. దగ్గరుంటే దాని వాసనకి నక్కలూ కుక్కలూ వస్తాయి. పిల్లకి వాసన తక్కువ. కదలదు, కూత పెట్టదు. సందె చీకట్లో తల్లి ఒక్కసారి వచ్చి, చిక్కటి పాలు కడుపునిండా ఇచ్చి, అయిదు నిమిషాల్లో వెళ్ళిపోతుంది. మళ్ళీ మర్నాడు సాయంత్రమే.

"అంటే అది వదిలేసిపోవడం కాదాండీ?"

"దూరంగా ఉండటమే దాని కాపలా."

"మరి నేనేం చెయ్యాల్సిందండీ?"

"ఆ తువ్వాలు ఆయనకే తిరిగిచ్చి, ఎక్కడ దొరికిందో అక్కడే పెట్టి రమ్మనాల్సింది. దానికి డిగ్రీ అక్కర్లేదు. అందుకే నీకు తోచలేదు."

రిజిస్టరులో 'తల్లి లేక' అన్న మాట కొట్టేశారు. పైన ఏం రాయాలో కాసేపు ఆలోచించి, ఏమీ రాయకుండా కలం మూశారు. గుమ్మం దాకా వెళ్ళి మాత్రం అన్నారు: "దాని జబ్బు తల్లి లేకపోవడం కాదయ్యా. డాక్టరు ఉండటం."

ఇలాంటి పై అధికారి దొరకడం అదృష్టమని ఇప్పుడనిపిస్తుంది. ఆ రోజు అనిపించలేదు.

అరిచేవాళ్ళ పక్షం

పిగిలిపిట్ట సంగతి పూర్తిగా తిరగేసినట్టుంటుంది. దాని పిల్ల గుడ్డులోంచి వచ్చేటప్పటికి ఒంటిమీద ఈక ఉండదు, కళ్ళు తెరవదు. తెరిచేది నోరొక్కటే. ఆ నోరు ఎర్రగా, ఒంటికి మించి ఉంటుంది. తల్లీ తండ్రీ ఇద్దరూ పొద్దున్నుంచి పొద్దుపోయేదాకా పురుగులు తెచ్చి అందులో వేస్తూనే ఉంటారు. వేసి వెనక్కి తిరిగేలోపు మళ్ళీ గోల. పూట తిండి లేకపోతే పిల్ల దక్కదు. పదీపన్నెండు రోజుల్లో గూడు ఖాళీ చేసి ఎగిరిపోతుంది. అంత తొందరగా ఎదిగేదానికి ఆకలి కూడా అంత తొందరగానే వేస్తుంది.

పిగిలిపిట్టను చూసి అందరూ 'ఎంత మంచి తల్లో' అంటారు. చెవులపిల్లిని చూసి 'ఏం తల్లో' అంటారు. నిజానికి ఇద్దరూ చేసేది ఒకటే పని. పిల్లను కుక్క నోట పడకుండా, ఆకలితో పోకుండా చూడటం. ఒకటి వెయ్యిసార్లు వచ్చి చేస్తుంది, ఇంకొకటి రాకుండా చేస్తుంది. మన జాలికి మాత్రం చెవులు ఎక్కువ, కళ్ళు తక్కువ. అరిచేవాళ్ళ వైపే వెళుతుంది. ఆసుపత్రిలో కూడా అరిచే గేదె యజమానికే ముందు చీటీ రాసేవాణ్ణి. కాదని ఎవరికైనా చెబితే నాంచారయ్య నవ్వుతాడు.

ఆటోనగర్ లారీ

కుందేలు నేర్పిన పాఠం నాకు బాగా ఒంటబట్టింది. మోతాదు కాస్త ఎక్కువైందని విజయవాడ వచ్చాక తెలిసింది.

ఆటోనగర్‌లో రహీం మేస్త్రి అని లారీలకు బాడీలు కట్టేవాడు ఉండేవాడు. వాళ్ళ మేకలకు నేను మందులిచ్చేవాణ్ణి, ఆ పరిచయం. ఒక రోజు పొద్దున బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉండగా అతని నుంచి ఫోన్ వచ్చింది.

"డాక్టరు గారూ, ఒక లారీ మూడు నెలల్నుంచి సామాను కోసం ఆగి ఉందండీ. క్యాబిన్‌లో పిట్ట గూడు పెట్టింది. మూడు పిల్లలు. ఇవాళ బండి డెలివరీ. గూడు తీసి షెడ్లో అట్టపెట్టెలో పెట్టాం. ఏం చెయ్యమంటారు?"

వెనక బస్సువాడు హారన్ మోగిస్తున్నాడు. నా దగ్గర జవాబు సిద్ధంగానే ఉంది. ఎన్నేళ్ళుగానో సిద్ధంగా ఉంది.

"ఏమీ చెయ్యకు మేస్త్రీ. ముట్టుకోకు, పాలు పట్టకు. వదిలెయ్. సాయంత్రానికి తల్లి వస్తుంది."

"సాయంత్రానికా అండీ?"

"సాయంత్రానికే."

ఏడీ గారు వింటే మెచ్చుకుంటారనుకున్నాను. ఆసుపత్రికి వెళ్ళి రెండు గేదెలను చూశాను, ఒక కుక్కకి కట్టు కట్టాను. చేతులు కడుక్కుంటుండగా గుర్తొచ్చింది, మేస్త్రి అన్నది 'పిట్ట' అని. తువ్వాలు భుజం మీద ఉండగానే స్కూటరు తీశాను.

వెళ్ళేసరికి మేస్త్రి ఇంకో లారీ క్యాబిన్ కింద నిలబడి, పెదవుల మీద వేలు పెట్టి సైగ చేశాడు. డెలివరీ అయిన లారీ ఉన్న చోటికే ఇంకో పాత లారీని తోయించాడు. అంతే ఎత్తులో, అదే మూలలో గూడు ఇరికించాడు. తల్లి పిగిలిపిట్ట నోట్లో పురుగుతో కిటికీలోంచి దూరింది.

"మీరు చెప్పింది విన్నానండీ" అన్నాడు మెల్లగా. "పిట్టలు వినలేదు. ఒకటే గోల. కాసేపటికి గోల తగ్గింది. తగ్గాక నాకు భయమేసింది. ఆకలేసి అరిచేదాన్ని సాయంత్రం దాకా ఆగమని ఎలా చెబుతామండీ? ఈగల్ని పట్టి, పట్టకారుతో నోట్లో వేశాం. ఈగలకి ఆటోనగర్‌లో కరువేముంది? ఆ తర్వాత ఇలా సర్దాం. పావుగంటలో తల్లి వచ్చేసింది."

"మూడూ బాగున్నాయా?"

మేస్త్రి తలదించుకుని చేతికున్న గ్రీజు తుడుచుకున్నాడు. నా తప్పు చెప్పాల్సి వచ్చినందుకు అతను సిగ్గుపడుతున్నాడు.

"రెండండీ. మీ మాట మీద గంటన్నర ఆగాను కదా. చిన్నది అప్పుడే పోయింది."

మొదటిసారి తెలియక చంపాను. రెండోసారి తెలిసి చంపాను. రెండోదే ఎక్కువ కాలం బాధించింది. ఒక కేసులో నేర్చుకున్నది నోటికొచ్చేసిందంటే, పక్క కేసును చూడకుండానే జవాబు చెప్పేస్తాం. ఫోన్లో అయితే మరీ తేలిక. అందుకే మీకు చెప్పేది: ఎదుటనున్నది ఎవరి పిల్ల, దాని తల్లి ఏ పద్ధతిది, ఇది అడగకుండా 'పాలు పట్టండి' అనొద్దు, 'వదిలెయ్యండి' అని కూడా అనొద్దు. కుక్క కరిచినా, చీమలు పట్టినా, ఒళ్ళు చల్లబడినా అది వేరే సంగతి. అప్పుడు మన చెయ్యి పడాల్సిందే.

సువార్త కొంగులో

రిటైరయ్యే ముందు ఏడాది మళ్ళీ చల్లపల్లి వైపే వేశారు. ఈసారి ఇనప చట్రం కూడా పనిచేస్తోంది. మినుము పీకే రోజులు. పొద్దున పదింటికి ఇద్దరు కూలీ ఆడవాళ్ళు వచ్చారు. ముందున్న పిల్లకి పాతికేళ్ళుంటాయి, పేరు సువార్త. వెనక ఉన్నది ఆమె అత్త దానమ్మ. సువార్త కొంగు విప్పింది. రెండు కుందేలు పిల్లలు.

"తల్లి లేనివండీ. చేలో దిక్కూమొక్కూ లేకుండా పడున్నాయి."

"తల్లి లేదని ఎవరు చెప్పారే నీకు?" అంది దానమ్మ. "నువ్వు ఎత్తుకొచ్చాక లేదు. అప్పుడు ఉందేమో."

ఈసారి పిల్లల్ని చూశాను, బాగా చూశాను. గాయాల్లేవు. ఒళ్ళు వెచ్చగా ఉంది. పొట్టలు గుండ్రంగా, మెత్తగా ఉన్నాయి. ముందు రోజు సాయంత్రం ఎవరో వాటికి పాలిచ్చారు. ఆ ఎవరో మళ్ళీ ఇవాళ సాయంత్రం వస్తారు. అటవీ శాఖ వాళ్ళకి ఫోన్ చేస్తే, "ఎక్కడివి అక్కడే పెట్టేయండి సార్" అన్నారు. ఏడీ గారి తర్వాత అంత పొదుపుగా సలహా ఇచ్చినవాళ్ళు వాళ్ళే.

"తీసుకెళ్ళి అక్కడే పెట్టాలమ్మా. దీపాల వేళకి తల్లి వస్తుంది."

"రాదండీ" అంది దానమ్మ గట్టిగా. "మనిషి చెయ్యి తగిలాక ఏ తల్లీ ముట్టుకోదు. నేను చెబుతానే ఉన్నా, వినదు. రెండు ప్రాణాలు. ఆ పాపం నీదేనమ్మాయ్."

సువార్త ముఖం మారిపోయింది. "నిజమాండీ డాక్టరు గారూ? నేను ముట్టుకున్నానని రాదా?"

ఇక్కడ ధైర్యం చెప్పడం తేలిక. ఆటోనగర్ గుర్తొచ్చింది.

"పిట్టల విషయంలో ఆ మాట అబద్ధం, నేను కళ్ళారా చూశాను. కుందేలు కూడా చాలాసార్లు వస్తుందనే విన్నాను. ఇది వస్తుందో రాదో నాకు తెలియదమ్మా."

ముప్ఫై రెండేళ్ళ సర్వీసు తర్వాత 'తెలియదు' అనడానికి మొదటిరోజు కన్నా ఎక్కువ బలం కావాల్సి వచ్చింది.

"పగలంతా రాదా అసలు?" అంది సువార్త కాస్త కోపంగా. "ఏం తల్లండీ అది?"

ఏడీ గారు నాకు చెప్పింది ఆమెకు చెప్పాను. దూరంగా ఉండటమే దాని కాపలా అన్నాను. సువార్త కొంగులోకి చూసుకుంది.

"మా చిన్నది నేను పనికి వచ్చేటప్పటికి నిద్రపోతా ఉంటదండీ. మళ్ళీ నేను కనబడేది దీపాలేళకే. మధ్యలో ఎవరన్నా వచ్చి, అయ్యో తల్లి లేని పిల్ల అని ఎత్తుకుపోతే?"

"ఎత్తుకుపోతే మూడో రోజుకి వాళ్ళే తెచ్చి దింపుతార్లే, దాని గోలకి" అంది దానమ్మ. కానీ గొంతులో ఇందాకటి పదును లేదు.

రిజిస్టరులో రాశాను. చికిత్స: ఏమీ లేదు, దొరికినచోటికే పంపడమైనది. ఫలితం: అన్నచోట ఖాళీ వదిలాను.

చేలోకి వెళ్ళేసరికి ఇంకో చిక్కు. పీకుడు దాదాపు అయిపోయింది. పిల్లలు దొరికిన మూలలో కొంచెం మినుము మాత్రమే నిలిచి ఉంది. సువార్త గుర్తుగా తన అన్నం క్యారేజీ పెట్టి వచ్చింది కాబట్టి చోటు తప్పే పని లేదు. రైతు మాత్రం గట్టుమీద చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఇవాళ పీకకపోతే రేపు కూలీలు వేరే చేలోకి పోతారండీ. అయినా అది నా మినుము తిని బతికే దొంగండీ. దొంగకి పురిటి సెలవిమ్మంటారా?"

"నాలుగు మంచాలు పట్టేంత ముక్క వదిలెయ్యవయ్యా, ఒక్కరోజు."

అతను నా ముఖం కాదు, నా కుడిచెయ్యి చూశాడు. నాలుగు నెలల కిందట వాళ్ళ గేదె ఈనలేక పడిపోతే, అడ్డం తిరిగిన దూడను తీసిన చెయ్యి అది. అలాంటి చెయ్యి అడిగితే కాదనడం కష్టం.

"సరేలెండి. రేపు ఆ ముక్క నేనే పీక్కుంటా. నడుం నొప్పికి మందు కూడా మీరే ఇవ్వాలి."

"నాది గేదెల మందయ్యా."

"దాంతోనే సరిపెట్టుకుంటా."

సువార్త మినుపాకు నలిపి అరచేతులకు రాసుకుంది. అది నా సలహానే, పనిచేస్తుందో లేదో నాకు తెలియదు. పిల్లల్ని ఒక్కొక్కటిగా గుంటలో పెట్టింది. అవి అలాగే కూర్చున్నాయి, మట్టిగడ్డల్లా. కూలీల వెంట వచ్చిన కుక్కని రైతు తన ఇంటికి తీసుకెళ్ళి కట్టేశాడు.

సాయంత్రం పని ముగిసింది, అందరూ వెళ్ళిపోతున్నారు. సువార్త కదల్లేదు.

"నేను చూసి వస్తానత్తా."

"చూసేదేముంది? రాకపోతే ఏం చేస్తావ్?"

"రాకపోతే తెలియాలిగా."

దానమ్మ నిట్టూర్చి క్యారేజీలు రెండూ తీసుకుంది. "సరే, పిల్లకి నేను అన్నం పెడతాలే. నీ పాపమేదో నువ్వే తేల్చుకుని రా."

నేను, సువార్త కాలవ గట్టు అవతల, గాలి మా వైపు వీచేలా కూర్చున్నాం. ఎక్కడో తుమ్మకొమ్మ మీద పిగిలిపిట్ట ఒకటి పొద్దు గుంకే ముందు చివరి విడత మేతకి తిరుగుతోంది. సువార్త అటు చూసి, "దాని పని హాయి, పిల్ల పక్కనే ఉంటది" అంది. పడమర ఎరుపు పోయింది. మినుము ముక్క నల్లగా అయింది. సువార్త చీర అంచు వేలికి చుట్టి విప్పుతోంది, మళ్ళీ చుడుతోంది.

ముందు చెవులు కనిపించాయి. పీకిన మినుము కుప్ప పక్క నుంచి వచ్చి, ఆగింది. నేరుగా రాలేదు. చేను చుట్టూ పెద్ద చుట్టు తిరిగి, మళ్ళీ ఆగింది. ఆ ఆగినంతసేపూ సువార్త ఊపిరి తీసిన చప్పుడు వినలేదు నేను. తర్వాత రెండు గెంతులేసి మినుములోకి వచ్చింది. పగలంతా మట్టిగడ్డల్లా ఉన్న రెండూ ఒక్కసారిగా లేచి దాని పొట్ట కిందకి దూరాయి. అది నిటారుగా కూర్చుని, చెవులు నాలుగు దిక్కులకీ తిప్పుతూ పాలిచ్చింది. టీ తాగినంతసేపు. ఆ తర్వాత వాటిని విదిలించుకుని, ఒక్క గెంతుతో చీకట్లో కలిసిపోయింది.

"ఇంతేనా అండీ?"

"ఇంతే."

"మళ్ళీ రేపటిదాకా?"

"మళ్ళీ రేపటిదాకా."

"సరిపోద్దా?"

"సరిపోతుందమ్మా."

సువార్త కళ్ళు తుడుచుకుని, చీరకంటిన మట్టి దులుపుకుంది. అప్పటికే గట్టు దిగి నడుస్తోంది.

"పదండి డాక్టరు గారూ. నాకూ వేళయింది."